రెండు వందల పదకొండు మార్కులు

ఇలా నా పక్కకు వచ్చి కూర్చో అమ్మడూ. ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుంటే పెట్టుకో గానీ కలం మూత మాత్రం తీయకు. నువ్వు రాసుకోదగ్గ ముక్క చివరికి గాని రాదు. అంతవరకూ వచ్చేదంతా నా తెలివితక్కువతనమే. అది బడి పత్రికలో వేసుకునే సరుకు కాదు.

"డబ్బీ జీవాలు" ఆటలో మొదటి భాగం గొప్పదా, రెండోదా, మూడోదా అని నువ్వు వ్యాసం రాయాలి. మీ నాన్ననడిగితే మొదటిదే అన్నాడు. మీ అత్తనడిగితే రెండోది తప్ప మిగతావి ఆటలే కావంది. ఈ మాట మీద వాళ్ళిద్దరూ పాతికేళ్ళుగా కొట్టుకుంటున్నారు. మీ నాన్నకు పొట్ట వచ్చింది, మీ అత్తకు నెత్తిన తెల్లవెంట్రుకలు వచ్చాయి, తగాదాకు మాత్రం ఇంకా పళ్ళూడలేదు. ప్రతిసారీ నన్ను తీర్పు చెప్పమంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని నేను "మూడోది" అనేసి వంటింట్లోకి పోతాను. మూడోదంటే ఇద్దరికీ సమానంగా ఒళ్ళు మండుతుంది.

మొన్న ఆదివారం నువ్వు ఆ పాత మిషన్ వెలిగించి ఒక ప్రశ్న అడిగావు. దానికి మీ అత్త పడిపడి నవ్వింది, మీ నాన్న చేతులు కడుక్కోవాలని లేచి వెళ్ళాడు, నేను తెరిచిన నోరు మూయలేదు. ఏమైందని అప్పటినుంచీ నా కొంగు పట్టుకుని తిరుగుతున్నావు. నువ్వు చూసింది చివరి ముక్కే. మొదలు నా దగ్గరుంది.

అప్పటికి మీ నాన్నకు పదిహేనేళ్ళు. మీ అత్తకు పంతొమ్మిది, కళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే పనిలో కొత్తగా చేరింది. మీ తాతయ్య సిటీ బస్సు నడిపేవాడు. నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో కాజాలు తీసి గుండీలు కుట్టేదాన్ని. నా చదువు మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు అక్షరాలు నాకు గోడ మీద చీమలు. అంకెలు మాత్రం చక్కగా వచ్చు. టేపు పట్టుకున్నవాళ్ళకు అంకెలు రాకపోతే చొక్కా చేతులు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అవుతాయి.

ఆ ఆట సంగతి నీకు తెలిసిందే అయినా నాకు తెలిసినట్టు చెబుతాను. తప్పులుంటే మనసులోనే నవ్వుకో. ఇటుకంత మిషన్. దాని వీపులో ఒక బిళ్ళ దూరుస్తారు, ఆటంతా ఆ బిళ్ళలో ఉంటుంది. ఒక పిల్లవాడు అన్నం నీళ్ళు లేకుండా ఊరూరా తిరుగుతూ, గడ్డిలో దాక్కున్న వింత జీవాలను పట్టి డబ్బీల్లో వేసుకుంటాడు. వాడి తల్లి మొదట్లో ఒకసారి "జాగ్రత్త నాయనా" అంటుంది, ఆ తర్వాత ఆమె ఊసే లేదు. మొదటి భాగాన్ని రెండు రకాలుగా అమ్మారు, అట్ట మీద కొండ బొమ్మది ఒకటి, ఏరు బొమ్మది ఒకటి. కొండలో దొరికేవి కొన్ని ఏరులో దొరకవు, ఏరులోవి కొండలో ఉండవు. ఇద్దరు చేరి రెండు మిషన్లకూ వైరు కలిపి జీవాలను మార్చుకుంటే గాని మొత్తం పూర్తవ్వవు. మా ఇంట్లో మీ నాన్నది కొండ, మీ అత్తది ఏరు.

ఇక్కడ నా పాత పాపాలు చెప్పుకోవాలి. మీ నాన్న ఆరేళ్ళప్పుడు వాడి గోళీల డబ్బా ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లాడికి ఇచ్చేశాను. అడిగాడు, ఇచ్చాను. ఎనిమిదేళ్ళప్పుడు వాడు స్టాంపులు దాచిన చొక్కాను స్టాంపులతో సహా ఉతికి ఆరేశాను. పదేళ్ళప్పుడు వాడు పెంచిన పట్టుపురుగును చెత్తతో పాటు ఊడ్చాను. అప్పటినుంచి మా ఇంట్లో ఏది పోయినా ఒకటే మాట, "అమ్మ చేతిలో పెడితే అంతే." మీ తాతయ్య కూడా బస్సు తాళాలు నా చేతికి ఇచ్చేవాడు కాదు.

పదో తరగతి పరీక్షలకు మీ నాన్నను మూడున్నర నెలలు హాస్టల్లో పెట్టాం. అక్కడ ఆటలు రానివ్వరు. వెళ్ళే రోజు పొద్దున వాడు ఆ మిషన్‌ను చేతిగుడ్డలో చుట్టి, మీ తాతయ్య వైపు చూశాడు, మీ అత్త వైపు చూశాడు, చివరికి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"నూట ముప్పై ఎనిమిదీ పట్టానమ్మా. రెండేళ్ళు పట్టింది. నువ్వు ముట్టుకోకు, ఎవరినీ ముట్టుకోనివ్వకు. ఈ ఒక్కసారికి నిన్ను నమ్ముతున్నా."

ఆ మాటకు నా ఛాతీ ఎంత పొంగిందో, జాకెట్టు కుట్లు ఊడనందుకు నా పనితనాన్ని నేనే మెచ్చుకున్నాను. బీరువాలో చీరల అడుగున పెట్టి తాళం వేశాను. ఏడు రోజులు ఆ బీరువా వైపు కన్నెత్తి చూడలేదు. ఎనిమిదో రోజు షెడ్డులో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికి పంపించారు. ఇల్లంతా ఖాళీ. వాడు లేని ఇంట్లో ఆ మిషన్ చప్పుడు కూడా లేదే అనిపించింది. ఒక్కసారి ఆ మిషన్ పాట విని మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసులోకి చెప్పులు విప్పుకుని మరీ దిగాను.

వెలిగించాను. తెర మీద రెండు వరుసలు ఇంగ్లీషు, పక్కన రెండు అంకెలు, 138 ఒకటి, 94 ఒకటి. నూట ముప్పై ఎనిమిది జీవాల లెక్క. తొంభై నాలుగు మార్కులై ఉంటాయనుకున్నాను. నూటికి తొంభై నాలుగు, నా కొడుకు కదా మరి. వేలు ఎక్కడో తగిలి గుర్తు కింది వరుస మీదికి పోయింది, నొక్కాను. అది కొత్త ఆట మొదలుపెట్టే వరుసని నాకేం తెలుసు. ఒక ముసలాయన వచ్చి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో ఆగి ఏదో అడుగుతాడు, కింద రెండు జవాబులు వస్తాయి, పైదాన్ని ఒక వేలి బొమ్మ చూపిస్తుంటుంది. నా జన్మలో పెద్దవాళ్ళు అడిగినదానికి కాదన్నది లేదు. అడిగినప్పుడల్లా పైదే నొక్కాను. ఆయన మూడు జీవాలు చూపించి ఒకటి తీసుకోమన్నాడు. కుంపటి మోసే ముంగిస, నీళ్ళు కారే నత్త, కొమ్ములకు చిగుళ్ళు వేసిన మేకపిల్ల. మేకపిల్ల మొహం చూస్తే జాలేసింది, తీసుకున్నాను.

అంతవరకూ ఏ నష్టమూ లేదు. నేను అప్పుడే మిషన్ ఆపేసి బీరువాలో పెట్టేసి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను జాగ్రత్తపరురాలిని. భోజనానికి పిలిచినప్పుడల్లా మీ నాన్న ఏమనేవాడు? "ఉండమ్మా, సేవ్ చేసుకోవాలి, లేకపోతే అంతా పోతుంది." రోజుకు రెండు పూటలు, రెండేళ్ళు విన్నాను, వాడి వేళ్ళు చూశాను. మూల బటను ఒక నొక్కు, కిందికి నాలుగు, మళ్ళీ ఒక నొక్కు. నా కొడుకు కష్టం పోకూడదని, దేవుడి ముందు కూర్చున్నంత భక్తిగా సేవ్ చేశాను. మిషన్ ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. రెండుసార్లూ పైదే నొక్కాను. పాతది చెరిపెయ్యమంటావా, నిజంగానే చెరిపెయ్యమంటావా అని అడిగిందని తర్వాత మీ అత్త చెప్పింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. నా కంటే మర్యాదగా, రెండుసార్లు అడిగింది.

మర్నాడు మళ్ళీ వెలిగిస్తే 138 పోయి 1 ఉంది. 94 పోయి 0 ఉంది. అంకెలు మాత్రం చక్కగా వచ్చునన్నాను కదా. ఆ రోజు అవి కూడా రాకపోతే బావుండేదనిపించింది.

దొంగకు తేలు కుట్టినట్టు పది రోజులు నోరు మెదపలేదు. మీ నాన్న ఆదివారం హాస్టలు నుంచి ఫోన్ చేసి ముందు నా ఆరోగ్యం అడిగేవాడు, తర్వాత బీరువా ఆరోగ్యం అడిగేవాడు. భద్రంగా ఉందిరా అనేదాన్ని. అబద్ధం కాదు, బీరువా భద్రంగానే ఉంది.

ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. చొక్కా చెడిపోతే ఏం చేస్తాం? విప్పి మళ్ళీ కుడతాం. వాడి అలమారలో ఒక నోటుపుస్తకం ఉండేది. పేజీకొక జీవం, రంగు పెన్సిళ్ళతో బొమ్మ, కింద అది ఎక్కడ దొరుకుతుందో తెలుగులో నాలుగు ముక్కలు. నాకు కావలసిన బడి అదే. మధ్యాహ్నం భోజనం వేళ షెడ్డులో బట్టల మూటల వెనక కూర్చుని ఆడేదాన్ని. బస్సులో ఆడేదాన్ని. సాయంత్రం కూరగాయలు తరిగే వంకన పెరటి మెట్ల మీద కూర్చుని, కత్తిపీట ముందు పెట్టుకుని ఆడేదాన్ని. ఒక్కో జీవం పట్టగానే ఒక గుడ్డపీలిక మీద గుండీ కుట్టేదాన్ని, లెక్క తప్పకుండా.

మొదటి భాగం ఎలాంటిదో నన్నడుగు. అంత మొండి ఆట ఇంకోటి లేదు. సంచిలో ఇరవై వస్తువులే పడతాయి. నేను మందులతో నింపేసుకున్నాను, అమ్మలందరూ చేసే పనే కదా, ఇక డబ్బీలకు చోటు లేదు. డబ్బీల అర నిండిపోతే మనమే వెళ్ళి వేరే అర తెరుచుకోవాలి, అంతవరకూ జీవాన్ని పట్టనివ్వదు. ఆ సంగతి తెలియక మిషన్‌కు నా మీద కోపం వచ్చిందనుకుని ఒకరోజు బతిమాలాను కూడా. ఒక చీకటి గుహలో పన్నెండు రోజులు గోడలకు గుద్దుకుంటూ తిరిగాను. దీపం వెలిగించే జీవం నా సంచిలోనే ఉంది. ఇక ప్రతి ఊరి పొలిమేరలోనూ ఒక కుర్రాడు అడ్డం వచ్చి, ఏం పట్టావు, ఎన్ని పట్టావు అని పోట్లాటకు దిగుతాడు. అచ్చం మా షెడ్డు మేస్త్రీలాగే. వాణ్ణి ఓడించిన రోజు మేస్త్రీ మొహం చూసి నవ్వితే, ఆయన భయపడి నాకు ఆ వారం సులువైన కాలర్లు ఇచ్చాడు.

మీ అత్త నన్ను పట్టుకున్నది పెరటి మెట్ల దగ్గరే.

"ఏం చేస్తున్నావమ్మా?"

"దుమ్ము తుడుస్తున్నానే."

"బొటనవేలితోనా?"

చెప్పక తప్పలేదు. విన్నంతసేపూ నవ్వు ఆపుకుంది, చివరికి మాత్రం దాని మొహం పాలిపోయింది. ఫోన్ చేసి వాడికి నిజం చెప్పెయ్యమంది. పరీక్షల ముందు చెప్పలేనన్నాను. అయితే పరీక్షల తర్వాత చెప్పమంది. పరీక్షలు సాకని మా ఇద్దరికీ తెలుసు. నాకు వాడి ఏడుపంటే భయం లేదు. "అమ్మ చేతిలో పెడితే అంతే" అని వాడు ఇంకొక్కసారి అంటాడే, దానికి భయం. అప్పుడది పిల్లాడి మాట కాదు, ఇక జీవితాంతం తీర్పు.

మీ అత్త లోపలికి వెళ్ళి తన మిషన్, వైరు తెచ్చింది. "పక్కకు జరుగు. ఏరులో ఉన్నవి నేనిస్తాను. కొండలోవి నువ్వే పట్టుకోవాలి. మేకనెందుకు తీసుకున్నావే, ముందే ఓడిపోతుంది అది." జాలేసిందన్నాను. "జాలితో ఆడే ఆట కాదమ్మా ఇది" అంది. కానీ ఆ మేకే చివరిదాకా నన్ను లాక్కొచ్చింది, అది వేరే సంగతి.

ఆ మిషన్ సెల్లులు తాగేది. నాలుగు సెల్లులు వారం రావు. టార్చిలోవి తీశాను, రేడియోలోవి తీశాను, ఆఖరికి గోడ గడియారంలోది కూడా తీసి, అయిపోయిన సెల్లు దాంట్లో పెట్టాను. గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ దగ్గర నిలబడిపోయింది. మీ తాతయ్య దాన్ని చూసి తీరిగ్గా గడ్డం గీసుకుని డిపోకు వెళితే, ఆయన బస్సును వేరే డ్రైవరు అప్పటికే తీసుకుపోయాడు. ఆయన ఆ గడియారాన్ని చంకన పెట్టుకుని షాపుకు వెళ్ళి గంటసేపు పోట్లాడి వచ్చాడు. నేను మంచినీళ్ళిచ్చి, షాపువాళ్ళు మోసగాళ్ళండీ అన్నాను. చూశావా, అబద్ధం ఒకటి నేర్చుకుంటే తక్కినవి వైరు లేకుండానే వచ్చేస్తాయి.

రెండు నెలలకు మార్కులు తొంభై నాలుగు దాటాయి. జీవాలు మాత్రం డెబ్బై దగ్గరే ఉన్నాయి. మార్కులు నూరు కూడా దాటిపోయేసరికి కాస్త అనుమానం వచ్చింది గానీ, ఎక్కువైతే మంచిదేగా అనుకున్నాను. బట్ట ఎప్పుడూ అంగుళం ఎక్కువే కత్తిరించాలి. మీ అత్తతో గొప్పగా అన్నాను, తమ్ముడికి తొంభై నాలుగే, నాకు నూట యాభై మార్కులని. దానికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి, "ఇంకా తెచ్చుకోమ్మా" అంది. నేను తెచ్చుకున్నాను.

చివరి వారానికి గుండీలు నూట ముప్పై ఏడు. ఒక్కటే మిగిలింది. నా దగ్గర రాతి గొంగళి ఒకటుంది. అది ఒక వైరు దాటి అవతలి మిషన్‌లోకి పోతేనే రూపం మారి రెక్కల కొండ అవుతుంది. ఎంత పెంచినా, ఎంత పోషించినా ఇంట్లో ఉంటే గొంగళే. ఆదివారం తీరిగ్గా మార్చుకుందామనుకున్నాం, మీ నాన్న సోమవారం కదా వచ్చేది. శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది, పరీక్షలు ముందే అయ్యాయి, మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు దిగుతున్నానని.

మిషన్‌ను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, మేస్త్రీతో కళ్ళు మసకలన్నాను, కళ్ళాసుపత్రికి పరుగెత్తాను. బల్లల మీద పది పన్నెండు మంది, అందరి కళ్ళలో చుక్కల మందు వేసి, మూసుకుని కూర్చోమన్నారు. నాకు అంత అనుకూలమైన జనం మళ్ళీ దొరకరు. మీ అత్త చీటీల బల్ల కింద నేను గొంతుక్కూర్చున్నాను. వైరు కలిపాం. గొంగళి తెర మీద మెల్లగా జారుకుంటూ వైరులోకి పోతోంది. ఆ కాసేపు వైరు కదిలితే ఇక అది ఏ మిషన్‌లోనూ ఉండదని మీ అత్త ముందే హెచ్చరించింది. అప్పుడే డాక్టరు గది తలుపు తీసుకుని బయటికొచ్చారు.

"ఆ వైరేంటమ్మా?"

"మా అమ్మకు చూపు ఆనట్లేదు సార్," అంది మీ అత్త, ఏమీ ఎరగని ముఖంతో.

డాక్టరు వంగి బల్ల కింద నన్ను చూశారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను, మిగతా జనంలాగే. ఆయన ఏమనుకున్నారో గానీ నన్ను లేపి లోపలికి తీసుకెళ్ళి పరీక్ష చేశారు. నిజంగానే చూపు ఆనడంలేదు. మూడు నెలల్లో అరిగిపోయింది. ఈ కళ్ళజోడు ఆ రోజు రాసిచ్చినదే, అద్దాలు మార్చుకుంటూ వస్తున్నాను. నేను లోపల గోడ మీది పటంలో అంకెలు చదువుతుండగా బయట మీ అత్త రెక్కల కొండను తిరిగి నా మిషన్‌లోకి పంపి, సేవ్ చేసి, టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేసింది. నూట ముప్పై ఎనిమిదో గుండీ బస్సులో కుట్టాను.

మీ నాన్న వచ్చాడు. చిక్కిపోయాడు, మీసం మొలిచింది. అన్నం కూడా తినకుండా బీరువా దగ్గర నిలబడ్డాడు. తాళం తీసి, అదే చేతిగుడ్డలో చుట్టి ఇచ్చాను. వెలిగించాడు. తెరను చూశాడు. చాలాసేపు చూశాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను, మీ అత్త గోళ్ళు చూసుకుంటోంది. 138 ఉంది, మార్కులు 211 ఉన్నాయి, ఇంకేం కావాలని నా ధీమా.

తలెత్తి నా మొహం చూశాడు. నా కొత్త కళ్ళజోడు చూశాడు.

"ఇచ్చినట్టే ఉంచావమ్మా," అన్నాడు.

ఆ రోజు నాకంటే తెలివైన ఆడది లోకంలో లేదు. మూడో తరగతి చదివి పదో తరగతి వాణ్ణి బోల్తా కొట్టించాను. పాతికేళ్ళు ఆ గర్వంతో బతికాను.

తర్వాత రెండో భాగం వచ్చింది. అప్పటికి నాకు రుచి తగిలింది, బాహాటంగానే ఆడాను. మీ అత్త దానికి ఎందుకు ప్రాణం పెడుతుందో చెబుతాను. దాంట్లో గడియారం ఉంటుంది. పొద్దున వచ్చేవి వేరు, చీకటి పడ్డాక వచ్చేవి వేరు. నేను మధ్యాహ్నం తప్ప ఆడను కాబట్టి, గుడ్లగూబ ఒకటుందని మీ అత్త అంటే ఏడాదిపాటు అబద్ధాలకోరు అన్నాను. గుడ్లు కూడా ఉంటాయి. నడిస్తే గాని గుడ్డు పగిలి పిల్ల రాదని చెప్పారు. మిషన్ చేత్తో పట్టుకుని నేను వరండాలో నెలరోజులు నడిచాను. నడవాల్సింది ఆటలో పిల్లవాడని ఎవరూ చెప్పలేదు. గుడ్డు పగలలేదు గానీ నాకు ఒళ్ళు తగ్గింది. అన్నిటికంటే పెద్ద గొప్ప, మొదటి భాగంలో పట్టినవాటిని వైరుతో రెండోదాంట్లోకి తెచ్చుకోవచ్చు. మీ అత్త తనవన్నీ తెచ్చుకుంది. మీ నాన్న ఒక్కటీ తేలేదు. తెస్తే అక్కడ ఖాళీ అవుతాయి కదా, అక్కడే ఉండనీ అన్నాడు. పిసినారి వెధవా అని తిట్టింది.

మూడోది రంగుల్లో ముద్దొచ్చేది, వానపడితే వాన కనపడేది. కానీ పాత భాగాల్లోని ఒక్క జీవాన్నీ దాంట్లోకి రానివ్వలేదు. వైరే కలవదు. కొత్తింటికి పోతూ పాత సామాను వీధిలో వదిలేసి రమ్మన్నట్టుంది. అది నాకు నచ్చలేదు. తీర్పులో దాని పేరు చెబుతానే గానీ దాన్ని నేను నాలుగు రోజులు కూడా ఆడలేదు, నీతో చెబుతున్నాను, వాళ్ళతో అనకు.

ఇంకొక్క సంగతి. ఆ మొదటి బిళ్ళ లోపల బొత్తమంత సెల్లు ఉంటుంది. అది చచ్చిపోతే సేవ్ చేసిందంతా పోతుంది. మీ నాన్న రెండుసార్లు రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర కూర్చుని, పాతది ఆరిపోకముందే పక్కన ఇంకో సెల్లు తగిలించి, ప్రాణం పోకుండా గుండె మార్పించినట్టు మార్పించాడు. రెండోసారి నువ్వు పుట్టిన ఏడాదే. ఇంత వయసొచ్చి ఈ పిచ్చేంట్రా అని నేను నవ్వాను. వాడు బిళ్ళను చేతిగుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇక ఆదివారానికి వద్దాం. నువ్వు ఆ మిషన్ వెలిగించి అడిగావు, నాన్నా, తొంభై నాలుగు గంటల్లో పూర్తి చేశానని గొప్పలు చెబుతావే, ఇక్కడ రెండు వందల పదకొండు గంటలని ఉందేంటని. నేను పక్కనుంచి సర్దబోయాను, గంటలేంటే పిచ్చిదానా, అవి మార్కులు కదా అని. అప్పుడే మీ అత్త పాతికేళ్ళుగా ఆపుకున్న నవ్వు విడిచింది.

మీ నాన్న మాత్రం నవ్వలేదు. "గంటలమ్మా," అన్నాడు. "మిషన్ వెలిగి ఉన్న గంటలు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినంతకాలం తాగింది. నాకు కళ్ళు అప్పుడు తెరుచుకున్నాయి. "అయితే నీకెప్పుడు తెలిసిందిరా?"

"ఆరోజే. వెలిగించగానే."

"మరి ఒక్క మాటైనా అనలేదేంరా?"

"ఏమనను? నేను తొంభై నాలుగు ఇచ్చాను. నువ్వు రెండు వందల పదకొండు తిరిగిచ్చావు."

అప్పుడు తట్టింది, ఆ రోజు తర్వాత మా ఇంట్లో "అమ్మ చేతిలో పెడితే అంతే" అన్న మాట నేను మళ్ళీ వినలేదు. సర్టిఫికెట్లు నా చేతికే ఇచ్చాడు, ఇంటి తాళాలు నాకే ఇచ్చాడు, పదకొండు రోజుల పిల్లవైన నిన్ను గుడ్డలో చుట్టి తెచ్చి ముందు నా చేతుల్లోనే పెట్టాడు. నేను అదంతా నా తెలివికి దక్కిన గౌరవం అనుకుంటూ వచ్చాను.

మనసు ఆగక ఉన్న నిజం కూడా చెప్పేశాను. "ఒరేయ్, అందులో ఓ పాతిక గంటలు నేను కుట్టుకుంటుంటే అది పక్కన ఊరికే వెలుగుతూ ఉందిరా. ఊరికే పెట్టినా మార్కులు పెరుగుతున్నాయని కనిపెట్టాను." అప్పుడు నవ్వాడు మీ నాన్న. నవ్వుతూనే, తినకుండానే, చేతులు కడుక్కోవాలని లేచి వెళ్ళాడు. మీ తాతయ్య అంతసేపూ పేపరు వెనకే ఉన్నాడు. పేపరు దించి, "అయితే ఆ గడియారం," అని ఆగాడు. ఆయనకు నేను ఇంకా జవాబు చెప్పలేదు. మూడు రోజులుగా ఆయనకు ఎదురుపడకుండా తిరుగుతున్నాను.

ఇప్పుడు కలం మూత తీయి. మొదటిది మొండిది, సంచి చిన్నది, గుహ చీకటిది. రెండోది ఒద్దికైనది, పాతవాళ్ళను రానిచ్చింది. మూడోది అందమైనది, పాతవాళ్ళను రానివ్వలేదు. ఆటగా చూస్తే మీ అత్త చెప్పిందే నిజం, రెండోదే మేలు. మీ నాన్న మొదటిదంటే ఎందుకు పడి చస్తాడో ఇప్పుడు నీకూ తెలుసు, అది వ్యాసంలో పట్టదు. దాన్ని నోటితో చెప్పు. రేపు ఆ బిళ్ళ నీ చేతికి వస్తుంది, చూసినవాళ్ళెవరో ఆ అంకె ఏంటని అడుగుతారు. అప్పుడు ఇది మరిచిపోకుండా, మేకను వదలకుండా చెప్పు. కానీ రెండు వందల పదకొండని మాత్రం చెప్పకు అమ్మడూ, నూట ఎనభై ఆరని చెప్పు. తక్కిన పాతిక ఊరికే వెలిగినవి.